భుజం కీహోల్ శస్త్రచికిత్స: కోత చిన్నదైనా బిల్లు ఎందుకు పెద్దదవుతోంది?

చేయి పైకెత్తలేని స్థితిలో ఆసుపత్రికి వెళ్లిన రోగికి ఎంఆర్ఐ పరీక్ష అనంతరం వైద్యులు సూచించే చికిత్సల్లో ఆర్థ్రోస్కోపీ ఒకటి. పెన్సిల్ కంటే సన్నని కెమెరా గొట్టాన్ని కొద్ది మిల్లీమీటర్ల రంధ్రం గుండా కీలులోకి పంపి, తెరపై చూస్తూ చేసే ఈ శస్త్రచికిత్సకు నగరాల్లోని ప్రైవేటు ఆసుపత్రుల్లో సాధారణంగా లక్ష నుంచి మూడు లక్షల రూపాయల వరకూ వ్యయమవుతోంది. ఒకే ఊరిలో, ఒకే రకమైన సమస్యకు రెండు ఆసుపత్రులు చెప్పే మొత్తాల మధ్య ఇంత వ్యత్యాసం ఎందుకన్నది చాలా కుటుంబాలకు అంతుపట్టదు.

సమాధానం చాలావరకూ బిల్లులోని ఒక్క పద్దులోనే దొరుకుతుంది. భుజం కీలును పట్టి ఉంచే నాలుగు కండరాల టెండన్ల సముదాయాన్ని రొటేటర్ కఫ్ అంటారు. అది ఎముక నుంచి ఊడిపోయినప్పుడు తిరిగి కుట్టేందుకు, దారాలు అమర్చిన చిన్న మేకుల వంటి పరికరాలను ఎముకలో బిగిస్తారు. ఇవే సూచర్ యాంకర్లు. టైటానియంతో చేసినవి, గట్టి ప్లాస్టిక్‌తో చేసినవి, శరీరంలో క్రమంగా కరిగిపోయేవి, పూర్తిగా దారంతోనే తయారైనవి వీటిలో ఉన్నాయి. ఒక్కొక్కదాని ధర వేల రూపాయల్లో ఉంటుంది. చిన్న చిరుగుకు ఒకటి రెండు సరిపోతే, పెద్దదానికి నాలుగైదు కావలసి రావచ్చు. కచ్చితమైన సంఖ్య కెమెరాతో లోపల చూశాక గానీ తేలదు. వీటికి తోడు దెబ్బతిన్న కణజాలాన్ని తొలగించే షేవర్ బ్లేడు, రేడియో ఫ్రీక్వెన్సీ ప్రోబ్, సెలైన్ పంపే గొట్టాలు వంటి ఒక్కసారి వాడి పారేసే సామగ్రి ఉండనే ఉంది.

గుండె స్టెంట్లకు 2017 ఫిబ్రవరిలోను, మోకాలి కీళ్ల ఇంప్లాంట్లకు అదే ఏడాది ఆగస్టులోను జాతీయ ఔషధ ధరల ప్రాధికార సంస్థ గరిష్ఠ ధరలు నిర్ణయించింది. భుజం యాంకర్లు ఆ కోవలోకి రాలేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నింటినీ ఔషధాలుగా పరిగణిస్తున్నందున, వాటి గరిష్ఠ చిల్లర ధరను 12 నెలల్లో 10 శాతానికి మించి పెంచరాదు. అయితే ఇది పెంపుదలపై ఉన్న పరిమితి మాత్రమే. తొలి ధరను తయారీదారే నిర్ణయించుకుంటాడు. కనుక ఎన్ని యాంకర్లు, ఏ కంపెనీవి, ఒక్కొక్కటి ఎంత అన్నది ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవడం, శస్త్రచికిత్స తర్వాత వాటి స్టిక్కర్లను బిల్లుతో సరిచూసుకోవడం రోగి చేతిలో ఉన్న పని. అలా అడగడానికి మొహమాటపడవలసిన అవసరం లేదు.

ఆరోగ్య బీమా ఉన్నవారికి చిక్కు మరోచోట వస్తుంది. 2020 నుంచి అమల్లో ఉన్న ఆరోగ్య సంజీవని ప్రామాణిక పాలసీలో రోజువారీ గది అద్దెకు గరిష్ఠ పరిమితి 5,000 రూపాయలు. రోగి 8,000 రూపాయల గదిలో చేరితే కోల్పోయేది రోజుకు 3,000 రూపాయలేనని చాలామంది భావిస్తారు. వాస్తవానికి సర్జన్, మత్తు వైద్యుడు, ఆపరేషన్ థియేటర్ రుసుములు సైతం అదే నిష్పత్తిలో తగ్గుతాయి. ఆ రుసుములు 80,000 రూపాయలనుకుంటే బీమా లెక్కలోకి వచ్చేది 50,000 మాత్రమే. మిగతా 30,000 రోగి భరించాలి. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల ఖర్చుకు మాత్రం ఈ కోత వర్తించరాదని నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ స్పష్టం చేసింది. ఆమోదించిన మొత్తంలో మరో 5 శాతం వాటా పాలసీదారుదే. ఐసీయూ కాని గది అద్దె రోజుకు 5,000 రూపాయలు దాటితే 5 శాతం జీఎస్టీ కూడా పడుతుంది.

శస్త్రచికిత్స తర్వాత చేతిని కదలకుండా ఉంచే షోల్డర్ ఇమ్మొబిలైజర్ సైతం, అదనపు కవరేజీ తీసుకుంటే తప్ప, బీమా చెల్లించని వస్తువుల జాబితాలోనే ఉంటుంది. నగదు రహిత చికిత్సకు దరఖాస్తు అందిన గంటలోగా, డిశ్చార్జి సమయంలో మూడు గంటల్లోగా బీమా సంస్థ నిర్ణయం తెలపాలని 2024 మే నెలలో ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. క్లెయిము తిరస్కరణపై ముందుగా సంస్థకే ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో స్పందన రాకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తికరంగా లేకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌ను రుసుము లేకుండా ఆశ్రయించవచ్చు. తెలుగు రాష్ట్రాలకు ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది.

ఆయుష్మాన్ భారత్ కింద అర్హత గల కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల రక్షణ లభిస్తుంది. 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా దీన్ని వర్తింపజేశారు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ అమలవుతోంది. తమకు సూచించిన చికిత్స ప్యాకేజీల జాబితాలో ఉన్నదీ లేనిదీ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర వద్ద చేరికకు ముందే నిర్ధారించుకోవాలి.

ఖర్చు లెక్కల కంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: అసలు ఈ శస్త్రచికిత్స అవసరమేనా? టెండన్ చిరగకుండా, ఎముకల మధ్య ఒరిపిడి వల్ల నొప్పి వస్తోందంటూ ఎముక అంచును చెక్కే డికంప్రెషన్ పద్ధతిపై బ్రిటన్‌లో జరిగిన పరిశోధన 2017లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. ఎముకను చెక్కినవారికి, కేవలం కెమెరా పెట్టి చూసి వదిలేసినవారికి ఫలితంలో తేడా కనిపించలేదు. ఆ నొప్పికి ఈ శస్త్రచికిత్స వద్దని 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ నిపుణుల బృందం సిఫారసు చేసింది. ప్రమాదంలో టెండన్ పూర్తిగా తెగినవారికి, భుజం పదేపదే జారిపోతున్నవారికి ఇది వర్తించదు. మధుమేహుల్లో తరచుగా కనిపించే భుజం బిగుసుకుపోయే సమస్య సైతం ఎక్కువమందిలో వ్యాయామం, మందులు, ఇంజెక్షన్లతోనే నెమ్మదిస్తుంది.

టెండన్ కుట్టిన తర్వాత చేయి నాలుగు నుంచి ఆరు వారాలు స్లింగ్‌లోనే ఉండాలి. ఆ పైన నెలల తరబడి ఫిజియోథెరపీ. ఆరోగ్య సంజీవని పాలసీ డిశ్చార్జి తర్వాత 60 రోజుల ఖర్చును మాత్రమే పరిగణిస్తుంది. రంగులు వేసేవారు, బరువులు మోసేవారు తిరిగి పనిలోకి వెళ్లడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పట్టవచ్చు కనుక, ఆ కాలంలో పోయే కూలిని కూడా ఆసుపత్రి అంచనా పత్రం పక్కన రాసుకుని చూస్తేనే కుటుంబానికి అసలు మొత్తం తెలుస్తుంది.