మొదటి మోటారు సైకిలు కొనుట

సంతలో ఎద్దును బేరమాడు రైతు దాని పండ్లు చూచును, నడిపించి చూచును, కాడి కట్టి చూచును. మోటారు సైకిలు కొనునప్పుడు మాత్రము రంగు చూచియే తృప్తిపడుచున్నాడు.

క్రొత్తగా నేర్చువాడు ముందుగా చూడవలసినది వేగము గాదు, బరువు. పైన కూర్చుండినప్పుడు రెండు పాదములును నేలకు చక్కగా ఆనవలెను. యంత్రము ఆపి, బండిని వెనుకకు నెట్టి మళ్లింపగలుగవలెను. స్ప్లెండరు రమారమి 112 కిలోలు తూగును, 350 సి.సి. బుల్లెట్టు 190 కిలోలకు పైబడును. చేనిగట్టుపై ఒరిగిన బుల్లెట్టును నేర్చువాడు నిలుపజాలడు. వెనుక యూరియా బస్తా వేసినచో మరి 45 కిలోలు చేరును. మోతపనియే ముఖ్యమైనచో క్లచ్చి పట్టనక్కరలేని టి.వి.యస్. ఎక్సెల్ మేలు. దానిని చూచి నవ్వు కుర్రవాండ్రు గలరు, నవ్వనిండు.

ఇక బ్రేకులు. చక్రము బిగుసుకొని జారకుండ కాపాడు ఎ.బి.యస్. అను ఏర్పాటు 125 సి.సి.కి మించిన క్రొత్త బండ్లకు 2019 ఏప్రిలు నుండి విధియైనది. పాతబండి కొనువారు అది యున్నదో లేదో చూచుకొనవలెను. పెక్కుమంది భయముచే వెనుక బ్రేకునే త్రొక్కుదురు. బ్రేకు వేయగనే బరువు ముందు చక్రముపై పడును గావున ఎక్కువగా ఆపునది ముందు బ్రేకే. ఇసుకలోను, రోడ్డుపై వడ్లు ఆరబోసిన చోటను మాత్రము ముందుగానే నెమ్మదించి, దానిని మెల్లగా నొక్కవలెను.

దుకాణమువారు చెప్పు ధరతో ఖర్చు తీరదు. రిజిస్ట్రేషను, మంచి హెల్మెట్టు, వీనికి తోడు క్రొత్త బండికి ఐదేండ్ల థర్డ్ పార్టీ భీమా ఒక్కసారే కట్టవలెను. ఈ నిబంధన 2018 సెప్టెంబరునుండి యున్నది. ఇదంతయు పంటఋణము సొమ్ములోనుండి తీసినచో, నాట్ల వేళకు ఎరువులకై వడ్డీవ్యాపారి గడప త్రొక్కక తప్పదు. కోత అయిన పిదప కొనుడు. అందాక లెర్నరు లైసెన్సు తీసికొని, తెలిసినవానిని వెనుక కూర్చుండబెట్టుకొని, కోసిన చేలో నేర్చుకొనవచ్చును.