సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొంటున్నారా.. మెరుపు చూసి అడ్వాన్స్ ఇచ్చేయకండి, ముందు ఇవి చెక్ చేసుకోండి!

కొత్తగా మెరిసిపోతున్న పాత స్పోర్ట్స్ కారు, రేటు కూడా సగానికి సగం.. ఇలాంటి ఆఫర్ కనిపిస్తే ఎవరికైనా మనసు లాగేస్తుంది. అనకాపల్లి జిల్లా నాతవరంలో కూర్చుని హైదరాబాద్, బెంగళూరులో ఉన్న కారును ఫోన్‌లోనే బేరమాడేసే రోజులివి. అయితే కారు ఎంత నీట్‌గా ఉన్నా, దాని వెనకున్న గొడవలు ఫొటోల్లో కనిపించవు.

హైదరాబాద్‌లో ఏం జరిగింది?

2024 ఏప్రిల్ 13న హైదరాబాద్ శివారు పహాడీషరీఫ్ పరిధిలోని మామిడిపల్లి దగ్గర ఓ పసుపు రంగు లంబోర్గినిని పెట్రోల్ పోసి తగలబెట్టారు. అది 2009 మోడల్, విలువ దాదాపు కోటి రూపాయలు. ఓనర్ దాన్ని అమ్మకానికి పెట్టారు. ఆయన తమకు డబ్బులు బాకీ ఉన్నారంటూ కొందరు కారును అక్కడికి రప్పించి నిప్పు పెట్టారని పోలీసులు తెలిపారు. ఒకవేళ అప్పటికే ఎవరైనా అడ్వాన్స్ ఇచ్చి ఉంటే? కారు బూడిదయ్యాక ఆ డబ్బు కోసం ఓనర్ చుట్టూ తిరగాల్సిందే.

కాగితాలే ముఖ్యం

ముందుగా ఎం-పరివాహన్ యాప్‌లో నంబర్ కొట్టి రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ వివరాలు చూడాలి. ఆర్‌సీలోని ఛాసిస్, ఇంజిన్ నంబర్లు కారు మీదున్న వాటితో కలవాలి. ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీతో పాటు ఫారం 35 తీసుకోవాలి. పేరు మార్పిడికి ఫారం 29, 30 కావాలి. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్‌టీఓ నుంచి ఎన్‌ఓసీ కోసం ఫారం 28 కూడా తప్పనిసరి.

బయటి రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఇక్కడే ఉంచితే, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 47 ప్రకారం ఏపీ నంబర్ తీసుకోవాలి. లైఫ్ ట్యాక్స్ కూడా ఇక్కడ కట్టాలి. ఖరీదైన కారుకు అది లక్షల్లోనే ఉంటుంది, కాబట్టి బేరంలోనే లెక్కేసుకోండి. పన్ను కట్టకుండా తిరుగుతున్న లగ్జరీ కార్లను 2021 ఆగస్టులో హైదరాబాద్‌లో రవాణా శాఖ అధికారులు సీజ్ చేశారు.

కిలోమీటర్లు తక్కువైతే మంచిదేనా?

అన్నిసార్లూ కాదు. ఏళ్ల తరబడి షెడ్డులో ఉన్న కారుకు టైర్లు గట్టిపడతాయి, రబ్బరు సీళ్లు ఎండిపోతాయి, బ్యాటరీ పోతుంది. టైర్ పక్కనుండే నాలుగంకెల నంబర్ చూడండి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైందని అర్థం. మీటర్‌లో రీడింగ్‌ను సర్వీస్ రికార్డుతో పోల్చి చూస్తే వెనక్కి తిప్పారో లేదో తెలిసిపోతుంది.

ఇక 2003 నుంచి 2013 వరకు తయారైన లంబోర్గిని గల్లార్డో లాంటి వాటిలో ఇ-గేర్ ఉంటే క్లచ్ ఎంత అరిగిందో కంప్యూటర్‌తో చెక్ చేయించాలి. క్లచ్ మార్చాలంటే బిల్లు మామూలుగా ఉండదు మరి. పైగా ఈ కార్లు నేలకు బాగా దగ్గరగా ఉంటాయి. మన పల్లె రోడ్ల గుంతలు, స్పీడ్ బ్రేకర్లు దాటాలంటే కష్టమే!

అమ్మేవాళ్లకూ ముప్పే

డబ్బులు చేతికొచ్చాయి కదా అని ఆర్‌సీ మార్చకుండా వదిలేస్తే ఇబ్బందే. ఆ బండితో యాక్సిడెంట్ జరిగితే ఆర్‌సీలో పేరున్నవారే పరిహారానికి బాధ్యులని నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. సొంత రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో, వేరే రాష్ట్రం వాళ్లకు అమ్మితే 45 రోజుల్లో ఆర్‌టీఓకు తెలపాలి. కొన్నవారికి గడువు 30 రోజులు. ఇన్సూరెన్స్ పేరు మార్పిడికి 14 రోజుల్లోనే అప్లై చేయాలి. లేదంటే సొంత కారు డ్యామేజీకి క్లెయిమ్ రాకపోవచ్చు.

డబ్బు విషయంలోనూ జాగ్రత్త. 2 లక్షలు, అంతకు మించి క్యాష్‌గా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం కుదరదు. తీసుకుంటే అంతే మొత్తం పెనాల్టీ పడొచ్చు. అందుకే అడ్వాన్స్ కూడా ఓనర్ పేరున్న బ్యాంకు ఖాతాకే పంపండి, రాతపూర్వకంగా రసీదు తీసుకోండి. లంబోర్గిని అయినా, మన వీధిలో తిరిగే పాత స్విఫ్ట్ అయినా రూల్స్ ఇవే.