పూస, దారము, తీగ: సంతపూరు తరగతిలో ఒక చేతిపని

తెలుగున "పూసగ్రుచ్చినట్లు చెప్పుట" యను పలుకుబడి కలదు. జరిగినదానిని వరుస తప్పక, నడుమ దేనిని విడువక చెప్పుట యని దాని భావము. కొన్ని యేండ్ల క్రిందట మా తరగతిలో ఒక బాలుని లేపి, ముందునాడు సంతలో చూచినదెల్ల పూసగ్రుచ్చినట్లు చెప్పుమంటిని. వాడు కొంతసేపు నిలిచి, "పూస గుచ్చుడంటే ఏంది సారూ?" అని యడిగెను. నేను పలుకుబడికి అర్థము చెప్పి కూర్చుండబెట్టితిని. వాడడిగినది అర్థము కాదని ఇంటికి పోవు త్రోవలో గాని నాకు తట్టలేదు. ఆ బాలుడు పూస గ్రుచ్చుట కంటితో చూచి యెరుగడు.

బీదరు జిల్లా ఔరాదు తాలూకాలోని మా సంతపూరు అయిదు భాషలు వినబడు చోటు. 1956 నవంబరు 1వ తేదీ వరకు ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రములోనిది. ఆనాటి విభజనలో జహీరాబాదు ప్రాంతము ఆంధ్రప్రదేశమునకు, ఉదగీరు ప్రాంతము బొంబాయి రాష్ట్రమునకు పోగా, తక్కినది మైసూరు రాష్ట్రమున చేరెను. నాటినుండి ఇచటి తెలుగువారి పిల్లలకు ఇంటిమాట తెలుగు, అంగడిమాట కన్నడము, ఇరుగుపొరుగు మాట మరాఠీయో ఉర్దువో లంబాడీయో అగుచున్నది. పూసను దారమున కెక్కించుటను కన్నడిగులు "పోణిసు" అందురు. మరాఠీలు "ఓవణే" అందురు. ఉర్దూవారు "పిరోనా" అందురు. మనము "గ్రుచ్చుట" యందుము. పని కనబడని చోట మాట నిలువదని నాకు తోచి, శనివారపు మధ్యాహ్నము ఒక గంట పూసలపనికి కేటాయించితిని. నాకును ఆ పని రాదు. పిల్లలతోపాటు నేర్చితిని. ఈ వ్యాసము ఆ నేర్చినదానిని గూర్చినది.

పూసలపని మన నేలకు క్రొత్తది కాదు. మా జిల్లా సరిహద్దు దాటినంతనే సంగారెడ్డి జిల్లా. అందు కొండాపురము కలదు. 1940-42 సంవత్సరములలో నిజాం ప్రభుత్వపు పురావస్తు శాఖవారు అచటి దిబ్బను త్రవ్వగా, శాతవాహన కాలపు నాణెములతోపాటు మట్టిపూసలు, గాజుపూసలు, రంగురాళ్ల పూసలు బయల్పడినవి. అచటి ప్రదర్శనశాలలో వానిని నేటికిని చూడవచ్చును. చూచువారు రంగును గాక బెజ్జమును గమనింపవలెనని నా మనవి. ఉక్కు కన్న గట్టిదైన రాతిలో అంత సన్నని బెజ్జము వేయుటకు ఎంత ఓర్పు పట్టి యుండునో అపుడు తెలియును.

గాజుపూసల విషయమున తెలుగువారు గర్వింపదగిన యూరు తిరుపతి ప్రాంతములోని పాపానాయుడుపేట. అచటివారు కరగిన గాజును ఒక ఇనుప గొట్టము చివర శంఖాకారముగ ముద్దచేసి, కొలిమిలో నుంచి, ఎదుటి రంధ్రము గుండ కొక్కెముతో గాజును లాగుదురు. గొట్టములోనిది బోలు గనుక లాగిన గాజుతీగయు బోలుగనే సాగును. అనగా బెజ్జమును వేయ నక్కర లేదు. అది పుట్టుకతోనే వచ్చును. ఆ గొట్టపుతీగను చిన్నచిన్న ముక్కలుగ నరికి, బూడిదతో కలిపి మరల వేడిచేయుదురు. అంచులు గుండ్రనగును, బూడిద యుండుటచే బెజ్జములు మూసికొనవు, ముక్కలు ఒకదాని కొకటి అంటుకొనవు. పుదుచ్చేరి చెంతనున్న అరికమేడులో దొరకిన ప్రాచీన పూసలును ఇట్టి లాగుడు పద్ధతివే. ఈ జాతి పూసలు ప్రాచీన కాలమున ఆఫ్రికా తీరమునుండి కొరియా వరకు చేరినవి. వీనికి "ఇండో-పసిఫిక్ పూసలు" అను పేరు పెట్టిన పీటర్ ఫ్రాన్సిస్ మొదలగు పరిశోధకులు ఇరువదవ శతాబ్దపు చివరి దశకములలో కూడ పాపానాయుడుపేటలో ఆ పని సాగుచుండుటను చూచి వ్రాసియున్నారు.

ఇక పని మాట. బెజ్జము గల పూసకు దారము, బెజ్జము లేని రాతికి తీగ. మొదట దీనిని గ్రహించినవానికి తక్కినదంతయు అభ్యాసమే.

దారపు పనిలో తొలి మెలకువ కొనలో నున్నది. సూది దూరని పూసకు, దారపు కొనను మైనముతో రుద్ది, పురిపెట్టి, సూదివలె గట్టిపరచి గ్రుచ్చవలెను. రెండవది ముడి. ముత్యముల దండలో ప్రతి ముత్యము వెనుకను ఒక ముడి వేయుదురు. ముడిని వదులుగ వేసి, సూదిమొనతో ముత్యము మొదటికి జరిపి బిగింపవలెను. ఇట్లు చేసినచో ముత్యములు ఒకదానితో నొకటి ఒరసికొనవు. దారము తెగినను ఒక్కటి తప్ప రాలవు. ముడి లేని దండ తెగినపుడు ఇల్లంతయు చీపురుతో వెదకినవారికి ఈ ముడుల విలువ వేరుగ చెప్ప నక్కరలేదు. పట్టుదారముతో ఇట్టి పని చేయు పట్వాలు దారమును కాలి బొటనవ్రేలికి తగిలించి, రెండు చేతులతో ముడులు వేయుట పూర్వము సామాన్య దృశ్యము. మా పిల్లలును ఈ పద్ధతినే యవలంబించిరి. బల్లకు మేకు కొట్టుట కన్న ఇది మేలు.

ఏ పూస ప్రక్క ఏ పూస యుండవలెను? అందము మాట తరువాత. ముందు గట్టితనము చూడవలెను. 1812లో జర్మను ఖనిజశాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిక్ మోస్ ఏర్పరచిన కొలమానములో వజ్రము 10, స్ఫటికము 7. పగడము 3, 4 నడుమ నుండును. ముత్యమును ఇంచుమించు అంతియే. స్ఫటికపు పూసల నడుమ ముత్యమును ఒంటిగ గ్రుచ్చినచో, మెడలో కదలిన ప్రతిసారియు అవి దానిని గీయుచుండును.

తీగపని కొందరు అన్యదేశపు వినోదమనుకొందురు. అది పొరపాటు. మన స్త్రీలు ధరించు నల్లపూసల గొలుసును తిరుగవేసి చూడుడు. ఒక్కొక్క పూస గుండ చిన్న తీగ దూర్చి, రెండు కొనలను వలయములుగ మలచి, వలయమును వలయమునకు తగిలించి యుందురు. కంసాలి పని యది. కరీంనగరపు వెండితీగ పనివారు సన్నని తీగను పురిపెట్టి పూలు, ఆకులు అల్లుదురు. 2007లో దానికి భౌగోళిక గుర్తింపు లభించెను. మా బీదరు బిద్రీపనిలోను వెండితీగయే కదా చెక్కిన గాడిలో చేరి కూర్చుండునది.

మాకు వెండి యెక్కడిది? రాగితీగ చాలును. సుమారు 0.8 మిల్లీమీటర్ల తీగ చట్రమునకు, 0.4 మిల్లీమీటర్లది కట్లకు. రాయికి కొదువ లేదు. మా నేల క్రింద దక్కను శిల కలదు. అది సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట పారిన లావా. అట్టి లావా చల్లారునపుడు వాయుబుడగలు విడిచిన గుల్లలలో సిలికా పొరలు పొరలుగ పేరుకొని అకీకు రాయి యగును. దీనినే ఇచటివారు హకీకు అందురు. వాన వెలిసిన పిమ్మట నల్లరేగడి చేలలో తేనెరంగు గులకరాళ్లు మెరయుచుండును. పిల్లలు జేబుల నిండ తెచ్చిరి.

చింతగింజంత రాతిని తీసికొని, జానెడు పొడవు గల రెండు తీగలను జతగ దాని నడుము చుట్టు త్రిప్పవలెను. సన్నతీగతో ఆ జతను మూడునాలుగు చోట్ల కట్టవలెను. కట్లకు నడుమ తీగను ఒకదానిని ముందునకు, ఒకదానిని వెనుకకు కొంచెము లాగినచో అవి రెండును రాతిని గోళ్లవలె పట్టుకొనును. పై కొనలను కూడదీసి గుండ్రని ముక్కు గల పట్టకారుతో వలయము చేసి, మిగిలిన కొనను మెడచుట్టు మూడు చుట్లు చుట్టి కత్తిరించి, ఆకురాయితో నునుపు చేయవలెను. లేనిచో మెడ గీసికొనును. ఒకేచోట పలుమార్లు వంచిన రాగి బిరుసెక్కి విరుగును. దానిని మంటలో మంద్రమైన ఎరుపు వచ్చువరకు కాల్చి నీట ముంచినచో మరల మెత్తనగును. ఇనుమునకు అలవాటుపడిన కమ్మరి బాలుడొకడు దీనిని నమ్మలేదు. ఎర్రగ కాల్చి నీట ముంచిన ఉక్కు గట్టిపడుట వాడెరిగినది. రాగిని కాల్చి చూపినపుడు వాని మొగమున కలిగిన ఆశ్చర్యము, నేను ఛందస్సు చెప్పునపుడు ఎవ్వరి మొగమునను చూడలేదు.

ఒక తప్పును కూడ చెప్పవలసియున్నది. అది నాది. ఒక బాలిక తన నాయనమ్మ పగడాల పేరును బాగుచేయుటకు తెచ్చెను. పగడముల నడుమ రాగి వలయములు కిలుమెక్కి యుండెను. రాగిని చింతపండుతో తోముట మన ఇండ్లలో ఎల్లరు చేయునదే గనుక, విడదీయకయే పేరంతటిని చింతపండు పులుసులో నానబెట్టితిని. రాగి తళతళలాడెను. పగడములు సున్నపురాతి జాతివి. పులుపు తగిలినచో కరగును. ముత్యములును అంతియే. తీసి చూచునప్పటికి పగడముల నునుపు పోయి పైభాగము సున్నము పూసినట్లయ్యెను.

మరునాడు నేనే వారి యింటికి పోయి విషయము చెప్పితిని. ఆ వృద్ధురాలు పేరును చేతిలోనికి తీసికొని చాలసేపు పలుకలేదు. పిదప ఒక్కొక్క పూసనే వ్రేలితో జరుపుచు, ఇది మా అమ్మ పెట్టినది, ఇది కరవు సంవత్సరము అమ్మక దాచినది, ఇది తెగి బావిగట్టున దొరకినది అని చివరిదాక చెప్పుకొని పోయెను. నన్ను నిందింపలేదు. మనుమరాలు ప్రక్కన కూర్చుండి లెక్కించుచుండెను, పదునేడు పూసలు. నడుమ ఒక పూసను నాయనమ్మ దాటిపోగా, "దీని సంగతి చెప్పలే" అని ఆ పిల్ల ఆపి మరల చెప్పించెను.

ఆ పేరును పట్టుదారముతో, పూస పూసకు ముడివేసి మేమే మరల గ్రుచ్చి యిచ్చితిమి. కళ మాత్రము రాలేదు. ఆమె రెండు పగడములను నాకిచ్చి, పిల్లలకు చూపుమనెను. అవి నా బల్లసొరుగులో అగ్గిపెట్టెలో నున్నవి. ప్రతి యేడు క్రొత్త పిల్లలు చింతపండు గిన్నె ముట్టుటకు ముందు వానిని తీసి వారి చేతులలో పెట్టుచున్నాను.