ఎండ మచ్చకు వెలుగు మందు

పెళ్లిళ్ల సీజన్ దగ్గరపడితే చర్మ వైద్యుల దగ్గర ఒకటే మాట: ‘డాక్టర్ గారూ, ముహూర్తంలోగా ఈ మచ్చలు పోతాయా?’ ఏళ్ల తరబడి ఎండ తిన్న ముఖం మీద గోధుమరంగు మచ్చలు, బుగ్గల మీద మంగు, కళ్ల చివర ముడతలు. అతినీలలోహిత కిరణాలు లోపలి కొల్లాజెన్‌ను దెబ్బతీసి, మెలనిన్‌ను మోతాదుకు మించి పుట్టిస్తాయి. ఆ చేటులో కొంత భాగాన్ని వెలుగుతోనే సరిచేయవచ్చు.

ఈ చికిత్సకు మూలసూత్రాన్ని 1983లో అమెరికా వైద్యులు రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ వివరించారు. తగిన తరంగదైర్ఘ్యం ఉన్న కాంతిని రెప్పపాటు కన్నా తక్కువసేపు పంపితే దాన్ని పీల్చుకున్న రంగు రేణువులే వేడెక్కి పగులుతాయి, చుట్టూ ఉన్న చర్మానికి పెద్దగా సెగ తగలదు. లేజర్‌ది ఒకే తరంగదైర్ఘ్యం. ఇదే పనికి వాడే ఐపీఎల్ (ఇంటెన్స్ పల్స్‌డ్ లైట్) మాత్రం లేజర్ కాదు, సుమారు 500 నుంచి 1200 నానోమీటర్ల దాకా పరుచుకున్న దీపపు మెరుపు.

కళ్లకు గాగుల్స్ పెట్టి, ముఖానికి చల్లని జెల్ రాస్తారు. మెరుపు పడ్డప్పుడల్లా చురుక్కుమంటుంది. తర్వాత మచ్చలు ఇంకా నల్లబడి, కాఫీ పొడి చల్లినట్టు కనిపిస్తాయి. వారం పది రోజుల్లో రాలిపోతాయి. ఒక్క సిట్టింగ్‌తో అయ్యే పని కాదు.

అయితే ఇదంతా తెల్ల చర్మం మీద సాఫీగా సాగే కథ. మన చామనఛాయలో మచ్చలోనూ మెలనినే, చుట్టుపక్కలా మెలనినే. వెలుగు రెండింటినీ కాలుస్తుంది. బొబ్బలెక్కి, అవి మానాక పాతదానికంటే ముదురు మచ్చ మిగలవచ్చు. మంగు ఉన్నవాళ్లకు ఐపీఎల్‌తో అది ఇంకా రెచ్చిపోయే ప్రమాదమూ ఉంది. అందుకే మనవాళ్లకు 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్‌ను తక్కువ శక్తితో వాడటం మేలు. ఆ కాంతిని పైపొరలోని మెలనిన్ తక్కువగా పీల్చుకుంటుంది. దానితో కూడా మంగు తగ్గినట్టే తగ్గి మళ్లీ రావచ్చు. ‘శాశ్వతంగా పోగొడతాం’ అనే బోర్డులు చూస్తే నాకు కోపం వస్తుంది. అప్పుచేసి ప్యాకేజీలు కట్టే ఆడపిల్లల ఆశతో ఆడుకోవడమే అది.

మంగును మామూలు వెలుతురు కూడా పెంచుతుంది. కాబట్టి ఐరన్ ఆక్సైడ్ కలిసిన, లేతరంగు ఉన్న సన్‌స్క్రీన్ అయితే మంచిది. బయట ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి రాసుకోవాలి. అది లేకుండా లేజర్‌కు పెట్టిన డబ్బు వృథా. మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ క్రీములు మానేయండి, అవి చర్మాన్ని పలచబరుస్తాయి.

పెరుగుతున్న మచ్చను, రక్తం కారే మచ్చను పరీక్ష చేయించకుండా లేజర్ కిందకి పంపొద్దు, క్యాన్సర్ దాగి ఉండొచ్చు.

పార్లర్‌లో ఆఫర్ ఉందని వెళ్లకండి. చర్మ వైద్యుల దగ్గరే, అదీ నాలుగు ప్రశ్నలు అడిగాకే కూర్చోండి: ఇది ఏ యంత్రం, నా రంగుకు సరిపోతుందా, ముందు చెవి పక్కన కొంచెం చోట వేసి చూస్తారా, యంత్రం పట్టుకునేది ఎవరు?