రంగులు చూపిన రహస్యము

అది చీకటి రాత్రి. పాడుపడిన గోపురముమీద ఒక గుడ్లగూబ కూర్చుండియున్నది. క్రింద ఎండుటాకులలో ఎలుక కదలినది. చీకటిలో ఎలుక కనబడదు. ఆకుల అలికిడి మాత్రమే వినబడును. అయినను ఆ పక్షి గురి తప్పక వ్రాలి దానిని తన్నుకొని పోవును. పాత కట్టడములలో నివసించు తెల్లని ముఖముగల గుడ్లగూబ, వెలుతురు బొత్తిగా లేని గదిలో సైతము చెవుల సాయముననే ఎలుకను పట్టగలదని ప్రయోగములవలన తేలినది. ధ్వని ఏ వైపునుండి వచ్చినదో దానికి ఎట్లు తెలియును?

ఈ ప్రశ్నకు సమాధానము దాని మస్తిష్క కాండమున ఉన్నది. మెదడు అడుగున, వెన్నుపామునకు పైన, కాడవలె నుండు భాగమే మస్తిష్క కాండము. కాని అందలి నిర్మాణమును చూచుట సులభము కాదు. మెదడును పలుచని పొరలుగా కోసి సూక్ష్మదర్శిని క్రింద ఉంచినచో, అంతయు రంగులేని ముద్దవలె కనబడును. ఏది కణమో, ఏది దాని తంతువో తెలియదు. వానిని వేరుపరచి చూపుటకు రంగు కావలెను.

1873లో ఇటలీ దేశపు వైద్యుడగు కమిల్లో గోల్జీ ఒక ఉపాయమును కనిపెట్టెను. అతడు మెదడు ముక్కను పొటాసియము డైక్రోమేటు ద్రావణమున నానవైచి, పిమ్మట సిల్వరు నైట్రేటు ద్రావణమున ఉంచెను. అపుడు కొన్ని నాడీకణములు మాత్రము కొమ్మలు రెమ్మలతో సహా నల్లబడి, పసుపుపచ్చని కాగితముపై సిరాతో గీసిన చెట్లవలె కానవచ్చెను. కణములన్నియు నల్లబడినచో దట్టమైన అడవిలోని చెట్లవలె ఒకదానికొకటి అడ్డమగును. కొన్నింటికే రంగెక్కుటచేత ఒక్కొక్క కణమును మొదలంట చూచుటకు వీలయ్యెను.

1888లో స్పెయిను దేశమునందలి బార్సిలోనా నగరమున శాంటియాగో రమోన్ ఇ కహాల్ అను పండితుడు ఈ పద్ధతిని మెరుగుపరచి, పక్షుల చిన్నమెదడును పరీక్షించెను. నాడీతంతువు లన్నియు కలిసి ఒకే వలగా అల్లుకొనియున్నవని గోల్జీ నమ్మెను. కహాల్‌కు అట్లు తోచలేదు. ప్రతి తంతువు పొరుగు కణమును సమీపించి ఆగిపోవుచున్నదనియు, ప్రతి నాడీకణము వేరువేరనియు ఆయన చెప్పెను. 1906లో ఇరువురకును కలిపి నోబెల్ బహుమానము నిచ్చిరి. ఆ సందర్భమున చేసిన ఉపన్యాసమున సైతము గోల్జీ తన మతమును విడువలేదు. తరువాత 1950వ దశకమున ఎలక్ట్రాను సూక్ష్మదర్శిని కణమునకు కణమునకు నడుమ గల మిక్కిలి సన్నని ఎడమును చూపి, కహాల్ మాటను బలపరచెను. రంగును కనిపెట్టినవాడే దానిని తప్పుగా అర్థము చేసికొనుట ఎంత వింత!

కాలక్రమమున మరియొక విధమైన రంగు వచ్చెను. కణములోనున్న రసాయన పదార్థమే తన చోటును తాను తెలుపునట్లు చేయుట దీని విశేషము. 1949లో వెలువడిన ఒక పద్ధతి ఇట్టిదే. కొన్ని నాడీకణములలో అసిటైల్‌కోలిన్ ఎస్టరేజు అను ఎంజైము కలదు. ఆ ఎంజైము విడగొట్టగల పదార్థమును, రాగి లవణమును కలిపిన ద్రావణమున మెదడు పొరను ఉంచుదురు. ఎంజైము ఉన్నచోటనే రాగి సమ్మేళన మేర్పడును. తరువాత దానిని సల్ఫైడుతో కలిపిన ముదురు గోధుమరంగు తేలును. మస్తిష్క కాండమున కండరములను కదలించు కణముల గుంపులు ఈ విధముగా బయల్పడును. మరియొక పద్ధతిలో పెరాక్సిడేజు అను ఎంజైమును ఒక్క తంతువులోనికే సూదితో ఎక్కించి, దాని దారినంతయు గోధుమరంగున చూడవచ్చును.

1980వ దశకమున అమెరికాలో కేథరీన్ కార్, మసకాజు కొనిషి అను శాస్త్రజ్ఞులు గుడ్లగూబ మస్తిష్క కాండమున తంతువుల నిట్లు రంగుతో గుర్తించిరి. అందు ఒక కణసముదాయము కలదు. దానిలోనికి ఒక చెవికి సంబంధించిన తంతువులు పైనుండియు, రెండవ చెవికి సంబంధించినవి క్రిందనుండియు ప్రవేశించును. కుడివైపు ధ్వని కుడిచెవికి ముందుగా, ఎడమచెవికి రవంత ఆలస్యముగా చేరును. ముందు బయలుదేరిన వార్త ఎక్కువ దూరము, వెనుక బయలుదేరినది తక్కువ దూరము నడచి, ఒకానొక కణమువద్ద రెండును ఒక్కసారే కలిసికొనును. ఆ కణము తక్కినవానికంటె గట్టిగా స్పందించును. ఏ కణము స్పందించినదో దానినిబట్టి ధ్వని వచ్చిన వైపు తెలియును. ఈ సముదాయపు మందము సుమారు 700 మైక్రానులు, అనగా మిల్లీమీటరుకంటె తక్కువ. దానిని దాటుటకు వార్తకు పట్టు కాలము సెకనులో పది లక్షలవ వంతులు 160 మాత్రమే!

రంగు త్రోవను చూపినది. విద్యుత్ సాధనములు కాలమును కొలిచినవి. ఆ రెండింటిని జతపరచి అర్థము చెప్పినది మనుజుని ఆలోచన. గుడ్లగూబ కూసిన అశుభమని మనలో కొందరు తలుపు మూసికొందురు. ఇకమీద ఆ కూత విన్నపుడు, ఆ చిన్న తలలో ఎంతటి సూక్ష్మమైన గడియారమున్నదో ఒక్కసారి తలచుకొనుడు.