ఆరోగ్యవంతమైన కాలేయంలో అయస్కాంత అనునాద సడలింపు కొలతలు: వైవిధ్యానికి కారణాలు

1. ఉపోద్ఘాతం

బలమైన అయస్కాంత క్షేత్రంలో ఉన్న శరీరంలోని హైడ్రోజన్ కేంద్రకాలను రేడియో తరంగం కదిలించినప్పుడు, అవి కొంత వ్యవధిలో తిరిగి సమతాస్థితికి చేరుకుంటాయి. దీనినే సడలింపు అంటారు. క్షేత్రదిశలో అయస్కాంతత్వం కోలుకునే వేగాన్ని టి1, అడ్డుదిశలో సంకేతం క్షీణించే వేగాన్ని టి2 అనే కాలాలు సూచిస్తాయి. 1971లో రేమండ్ డమేడియన్ ఎలుకల కణజాలాలను పరీక్షించి, ఆరోగ్యకరమైన కాలేయంలో కంటే కణితులలో టి1 ఎక్కువని చూపారు. నాటి నుండి ఈ కాలాలు రోగనిర్ధారణకు తోడ్పడతాయన్న ఆశ బలపడింది. అయితే రోగాన్ని గుర్తించడానికి ముందు, ఆరోగ్యవంతులలో ఈ విలువలు ఎంత మేరకు మారుతాయో తెలియాలి.

2. కొలిచే విధానం వల్ల కలిగే తేడాలు

ఆరోగ్యవంతమైన కాలేయపు టి1 విలువ 1.5 టెస్లా క్షేత్రంలో సుమారు 580 మిల్లీసెకన్లు, 3 టెస్లా క్షేత్రంలో సుమారు 810 మిల్లీసెకన్లు. ఇది దోషం కాదు. టి1 క్షేత్రబలంపై ఆధారపడి ఉంటుంది. అదే 3 టెస్లా వద్ద టి2 విలువను 2004లో ఒక బృందం 34, 2005లో మరొక బృందం 42 మిల్లీసెకన్లుగా ప్రకటించాయి. మొదటిది సజీవ మానవులలో కొలిచినది, రెండవది శరీరం నుండి వేరుచేసిన కణజాలంలో కొలిచినది. శ్వాసకదలిక, రేడియో తరంగపు అసమానత, ప్రతిధ్వనుల మధ్య వ్యవధి, గణన నమూనా కూడా ఫలితాన్ని మారుస్తాయి.

3. శరీరధర్మం వల్ల కలిగే తేడాలు

కాలేయం ఇనుమును నిల్వచేసే అవయవం. ఇనుము పెరిగితే టి1, టి2 రెండూ తగ్గుతాయి. కొవ్వు కూడా, ఎంచుకున్న పద్ధతిని బట్టి, టి1 విలువను అటో ఇటో జరుపుతుంది. కణజాలంలోని నీటిశాతం, భోజనానంతరం పెరిగే రక్తప్రవాహం కూడా గమనించవలసినవే. ఇవి కొలతలోని లోపాలు కావు, మనిషికీ మనిషికీ ఉన్న నిజమైన భేదాలు.

4. వ్యాఖ్యానంలో చిక్కు

1.5 టెస్లా వద్ద టి1 సగటు 586, ప్రామాణిక విచలనం 39 మిల్లీసెకన్లు అనుకుంటే, రెండు విచలనాల పరిధి 508 నుండి 664 వరకు ఉంటుంది. సహజంగా 520 ఉన్న వ్యక్తికి వ్యాధి వల్ల 620కి పెరిగినా, అతడు ‘సాధారణ’ పరిధిలోనే కనిపిస్తాడు. సహజంగానే 670 ఉన్న ఆరోగ్యవంతుడు మాత్రం రోగిగా అనుమానానికి గురవుతాడు.

5. ముగింపు

పరీక్షితుల సంఖ్యను పెంచితే యాదృచ్ఛిక దోషం తగ్గుతుంది. పద్ధతిలోని స్థిరదోషం మాత్రం అలాగే మిగులుతుంది. అందువల్ల ఒకే వ్యక్తిని ఒకే యంత్రంపై మళ్ళీ మళ్ళీ కొలవడం, వేర్వేరు యంత్రాలపై కొలవడం, విలువ ముందే తెలిసిన ప్రమాణ నమూనాలతో యంత్రాలను సరిచూడడం అనే మూడూ అవసరం. క్షేత్రబలం, పద్ధతి, ఆహారస్థితి పేర్కొనకుండా ఇచ్చే ‘సాధారణ విలువ’ అసంపూర్ణమైనదే.