ఎడతెగని లెక్కయు, గడువు తీరిన పద్దును



కరణము చిట్టా వ్రాయుటను మీరు చూచియున్నారు. లెక్కను రెండు విధముల తేల్చవచ్చును. సంవత్సరాంతమున పద్దులన్నియు కూడుట యొకటి. పద్దు వచ్చినప్పుడే దానిని వెనుకటి మొత్తమునకు చేర్చి క్రొత్త మొత్తము వ్రాయుట రెండవది. గణనయంత్రములును ఈ రెండు మార్గములనే నడుచుచున్నవి. ఐ.బి.ఎం. సంస్థకు చెందిన చాంబర్లిన్, బాయిస్ అనువారు 1974లో ప్రకటించిన ప్రశ్నాభాష, నేడు ఎస్‌క్యూఎల్ అనబడునది, నిలిచియున్న పట్టికలను ప్రశ్నించుటకే పుట్టినది. అదే భాషతో అంతములేని సమాచారప్రవాహమును ప్రశ్నించు సాధనములు పిమ్మట వచ్చినవి. బెర్లినునందలి పరిశోధన నుండి వెలువడి 2014లో అపాచీ సంస్థలో చేరిన 'ఫ్లింక్' వానిలో నొకటి. జర్మను భాషలో ఆ మాటకు చుఱుకైనదని యర్థము. పేరిడినవారికి శబ్దరుచి కలదని నా యభిప్రాయము.

ఒక పాలకేంద్రము ననుకొందము. 'ఏ రైతు ఇంతవఱకు ఎన్ని లీటర్లు పోసెను?' అను ప్రశ్నను యంత్రమున నిలిపితిమి. అది ప్రతిరైతు పేరిట నొక మొత్తమును జ్ఞాపకమున నుంచుకొనవలెను. దీనిని ఆ శాస్త్రమున 'స్టేట్' అందురు. 'స్థితి' యనిన తెలుగునకు సరిపోవును. పాలకేంద్రమున మున్నూఱు పేర్లే. కాని వచ్చిపోవు ప్రతివానికి క్రొత్త సంఖ్య నిచ్చు వ్యాపారములలో పేర్లు కోట్లకు పెరుగును. తిరిగిరాని పేర్లనన్నిటిని మోయలేక యంత్రము కూలును. కావున స్థితికి ఆయుర్దాయము నిర్ణయించు వీలు కల్పించిరి. ఫ్లింకులో మన మేమియు చెప్పనిచో ఆ గడువు సున్న. అనగా ఎన్నటికిని చెరుపదు.

గడువు 30 దినములని పెట్టితిమనుకొనుడు. ఒక యమ్మ 120 లీటర్లు పోసినది. పిదప ఆవు వట్టిపోయి రెండు నెలలు పాలు లేవు. చివరిపాలు పోసి 30 దినములు గడువగానే ఆమె స్థితి చెరుపబడును. ఆవు ఈనిన పిమ్మట 4 లీటర్లు తెచ్చెను. ఫలితము 124 కావలయును; యంత్రము 4 అని చెప్పును. అంతతో పోదు, ఫలితపట్టికలో భద్రముగా నున్న 120ని తుడిచి ఆ చోటనే 4 వ్రాయును. తప్పు జరిగినదని యొక్కమాటయు పలుకదు. మొత్తమును బట్టి బోనసు పంచు సంఘమైనచో ఆ యమ్మ కష్టమేమైనట్లు? పాతపద్దును రద్దుచేయు సందేశమే మొదట వచ్చినచో, తీసివేయుటకు మొత్తమే లేదు గాన దానిని మౌనముగా విడిచివేయును.

రెండు ప్రవాహములను జతపఱచునప్పుడు చిక్కు మఱింత సూక్ష్మము. సభ్యుల చిరునామా లొకవైపు, పాలపద్దు లొకవైపు. చిరునామా ఒక్కసారి వచ్చి కూర్చుండును. పాలపద్దు ప్రతిదినము వచ్చి దానిని చూచిపోవును. చూచినంతమాత్రమున ఆయువు పెరుగదు, మరల వ్రాసిననే పెరుగును. కాన దినదినము వాడుకలోనున్న చిరునామాయే గడువుతీరి మాయమగును. ఆపై పాలు వచ్చినను జత దొరకదు. మిక్కిలి మోసపుచ్చు స్థల మిదియేనని నేను తలంచుచున్నాను. 2024లో వెలువడిన 1.19వ కూర్పు నుండి, ప్రశ్నలోనే రెండువైపులకును వేర్వేఱు గడువులు వ్రాయవచ్చును.

పదిదినముల కొకసారి లెక్క మూయుమని యడిగినచో ఈ బాధ లేదు. 'ఇంతకు పూర్వపు పద్దులన్నియు వచ్చినవి' అని చాటు వాటర్‌మార్కు ఆ పదవదినమును దాటగానే ఫలితము వెలువడును, స్థితి చెరుపబడును. ముగిసిన లెక్క మాఱదు గనుక చెరిపినను చెడదు. ఆలస్యముగా వచ్చిన పద్దులు మాత్రము విడువబడును.

ఇక గడువెంత? ఒక పేరు మౌనముగా నుండి మరల రాగల దీర్ఘకాల మెంతయో కనుగొని, దానిని మించి పెట్టవలెను. ఆవు వట్టిపోవు కాలము సుమారు 60 దినములు గాన, 30 దినముల గడువు పశువు నెఱుగనివాడు పెట్టినది. మున్నూఱు పేర్ల కేంద్రమునకు గడువే వలదందును. అంతమాత్రము లెక్కను యంత్రము మోయగలదు. తిరిగిరాని పేర్లు కోట్లుగా వచ్చుచోట కొన్ని గంటల గడువే చాలును.